ఎల్డర్ పూల సిరప్, బుడగల పానీయం: తూకాలతో ఒక ప్రాజెక్టు డైరీ

ఇంగ్లండులో మే నెలాఖరు నుంచి జూన్ మూడో వారం దాకా కాలవ గట్ల మీద, రైలు కట్టల పక్కన, పాడుబడ్డ గోడల వెనక మీగడ రంగు పూగుత్తులతో ఒక చెట్టు కనిపిస్తుంది. అదే ఎల్డర్. ఆ పూలతో రెండు పానీయాలు చేశాను. ఒకటి నీళ్లలో కలుపుకొని తాగే సిరప్, రెండోది పులియబెట్టి బుడగలు తెప్పించేది. రెడింగ్‌లో కెనెట్ నది పక్కన కోసిన పూలు, మా వంటింటి పొయ్యి, మామూలు గిన్నెలు. ఇంతే సరంజామా.

వంటకాలు ఎక్కడ చూసినా రెండు అంకెలు ఉంటాయి: "పాతిక పూగుత్తులు", "ఆరు రోజులు". ఈ రెండింటి వల్లే సగం సరుకు సింకులో పోయింది. పూలను లెక్కపెట్టకుండా తూచాలి. పులిసిందో లేదో క్యాలెండరులో కాకుండా హైడ్రోమీటరులో (ద్రవం సాంద్రత కొలిచే పరికరం) చూడాలి. ఈ పని చేయబోయేవారు ఇంకేమీ చదవకపోయినా ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటి ఘట్టం: చెట్టును గుర్తుపట్టడం

తెల్లని గొడుగుల్లాంటి పూలు జూన్‌లో ఇక్కడ చాలా మొక్కలకు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మన కొత్తిమీర కుటుంబానివి. హెమ్లాక్ కూడా అందులోదే. సోక్రటీసుకు ఇచ్చిన విషం దాని నుంచే తీశారు. దాని దగ్గరి చుట్టం ఒకటి నీటి ఒడ్డునే పెరుగుతుంది, అదీ ప్రాణాంతకమే. కాబట్టి కాలవ గట్టు మీద పూలు కోసేవారు ఈ వరస తప్పకుండా చూసుకోవాలి.

1. కింద కాండం చూడండి. ఎల్డర్ చెట్టు లేదా పెద్ద పొద. బెరడు బెండులా నెరిసి, చీలి ఉంటుంది. కొత్తిమీర కుటుంబపువి ఎంత ఎత్తు పెరిగినా పచ్చి కాడ మొక్కలే.
2. ఆకు చూడండి. ఒక ఈనెకు అయిదు నుంచి ఏడు రెబ్బలు, అంచులకు రంపపు పళ్లు. ఈనెలు కొమ్మకు రెండు వైపులా ఎదురెదురుగా వస్తాయి.
3. ఆకు నలిపి వాసన చూడండి. బాగుండదు. బాగుంటే అది ఎల్డర్ కాదు.
4. లేత కొమ్మ విరిస్తే లోపల తెల్లని మెత్తటి బెండు ఉంటుంది.
5. పువ్వుకు అయిదు రేకులు, పసుపు కేసరాలు. గుత్తి పైభాగం దాదాపు చదునుగా ఉంటుంది.

నాలుగు గుర్తులు కలిసి ఒకటి కలవకపోయినా వదిలేసి ముందుకు నడవడమే.

చట్టం సంగతి. 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం, అడవిగా పెరిగిన మొక్క నుంచి పూలు, పళ్లు, ఆకులు సొంతానికి కోసుకుంటే అది దొంగతనం కాదు. అమ్మకానికి కోస్తే అవుతుంది. మొక్కను వేళ్లతో పెకలించడానికి మాత్రం స్థలం యజమాని అనుమతి కావాలి. ఎవరి పెరట్లోంచో వీధిలోకి వంగిన కొమ్మ అడవి మొక్క కిందకు రాదు, తలుపు తట్టి అడగాలి. అడిగితే కాదన్నవారు ఎవరూ లేరు. పైగా కొందరు నిచ్చెన కూడా ఇస్తారు.

నడుము ఎత్తుకు కింద ఉన్న పూలు ముట్టుకోకండి. కాలవ గట్టు మీద కుక్కలు తిరుగుతాయి. కారణం ఇంకా వివరించనక్కర్లేదు.

రెండో ఘట్టం: కోత, తూకం

పరిమళం ఎక్కువగా పుప్పొడిలో ఉంటుందంటారు. అందుకే వాన పడిన మర్నాడు కోసిన పూలకు వాసన ఉండదు. అందుకే పూలను కడగకూడదు కూడా. మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరకముందు కోయాలి. గుత్తిలో మొగ్గలు కొన్ని ఇంకా విచ్చుకోకుండా ఉంటే అది సరైన వయసు. రేకులు గోధుమ రంగుకు తిరిగితే పరిమళం పోయి పిల్లి మూత్రం వాసన వస్తుంది. ఇది నిందార్థంలో అంటున్నది కాదు, అచ్చం అదే వాసన. చెట్టు చెట్టుకూ తేడా ఉంటుంది కాబట్టి ప్రతి చెట్టు దగ్గరా ముక్కు పెట్టి చూసి, తేనె, ద్రాక్ష కలిసినట్టున్న వాసన వచ్చిన చెట్టునే కోయాలి.

ప్లాస్టిక్ సంచిలో వేస్తే ఇంటికి వచ్చేసరికి పూలు లోపల వేడెక్కి నల్లబడ్డాయి. ఆ సంచీని అలాగే పెంటకుప్పలో వేయాల్సి వచ్చింది. తర్వాత నుంచి వెదురు బుట్ట, లేకపోతే కాగితపు సంచి. ఇంటికి తెచ్చాక తెల్ల దుప్పటి మీద నీడలో గంటసేపు పరిస్తే చిన్న పురుగులన్నీ వాటంతట అవే బయటకు పాకిపోతాయి. కాడ పొడుగునా నల్ల పేను పట్టిన గుత్తులను మాత్రం చెట్టు మీదే వదిలేయాలి.

ఆ తర్వాత పని విసుగు పుట్టించేది. పూలను కాడల నుంచి ఫోర్కుతో దువ్వి వేరుచేయాలి. ఎల్డర్ ఆకు, బెరడు, కాడ, పచ్చికాయల్లో సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. 1983లో కాలిఫోర్నియాలోని మాంటెరీ కౌంటీలో, ఆ జాతి చెట్టు పళ్లను ఆకులు, కొమ్మలతో సహా నలిపి తీసిన రసం తాగినవారిలో ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించారు. పువ్వుకు అంటిన సన్నని తొడిమె వల్ల భయం లేదు, కానీ లావుపాటి పచ్చి కాడలు గిన్నెలో పడకూడదు. పడితే చేదు కూడా వస్తుంది.

దువ్విన పూల తూకం చూశాక వంటకాల మీద నమ్మకం పోయింది. కాలవ పక్క ఎండిన నేల మీది చెట్టు గుత్తికి 3 గ్రాములు వచ్చాయి. పాత చర్చి ప్రహరీ వెనక ఎరువు నేలలో ఉన్న చెట్టు గుత్తికి 9 గ్రాములు. అంటే "పాతిక గుత్తులు" అన్న మాటకు 75 గ్రాములైనా కావచ్చు, 225 గ్రాములైనా కావచ్చు. మూడింతల తేడా ఉన్న కొలతతో ఏ వంటా నిలకడగా రాదు.

మూడో ఘట్టం: సిరప్, మొదటి గిన్నె

పుస్తక ప్రకారం: నీళ్లు లీటరున్నర, పంచదార 1 కిలో, నిమ్మకాయలు మూడు, పాతిక గుత్తులు. తూకం వేస్తే ఆ పాతిక గుత్తుల పూలు 85 గ్రాములే ఉన్నాయి. మరుగుతున్న నీళ్లు పోసి, మూతపెట్టి, ఒక రోజు నానబెట్టి వడగట్టాను.

ఫలితం: పల్చటి నిమ్మ షర్బత్. పువ్వు వాసన ఎక్కడో వెనక వీధిలో ఉంది. అది చాలదన్నట్టు, అల్మారాలో పెట్టిన సీసా మెడలో పది రోజుల లోపే బుడగలు వచ్చాయి. మూత తీస్తే బుస్సుమంది.

ఎందుకు ఇలా అయిందంటే, 1 కిలో పంచదార లీటరున్నర నీళ్లలో కరిగితే బరువులో 40 శాతమే పంచదార. ఆ పల్చదనంలో ఈస్టు హాయిగా బతుకుతుంది. బయట నిలవ ఉండాలంటే పంచదార 60 శాతం దాటాలి, పులుపు గట్టిగా ఉండాలి. పల్చటిది కావాలంటే ఫ్రిజ్ లేదా ఫ్రీజర్ తప్ప దారి లేదు.

ఇప్పటిదాకా: దువ్విన పూలు 85 గ్రాములు, పంచదార 1 కిలో, ఖర్చు 2.20 పౌండ్లు, చేతిలో మిగిలింది సున్నా.

మూడో ఘట్టంలో ఒక చిన్న పరీక్ష: నీళ్లు ఎంత వేడిగా ఉండాలి?

మూడు గాజు గ్లాసులు, ఒక్కోదానిలో 10 గ్రాముల పూలు, 100 మిల్లీలీటర్ల నీళ్లు, పైన సాసరు మూత, ఒక రాత్రి.

మరిగే నీళ్లు పోసిన గ్లాసు: ముదురు టీ రంగు, ఉడికిన గడ్డి వాసన.

60 డిగ్రీల నీళ్లు పోసినది: లేత బంగారు రంగు, తేనె వాసన, చివర్లో నిమ్మ తొక్క లాంటి ఘాటు.

కుళాయి చల్లనీళ్లు: వాసన తాజాగా ఉంది కానీ పల్చన. పొద్దుటికే పైన రెండు మూడు బుడగలు.

మొదటి గిన్నెలో పరిమళం పోవడానికి సగం కారణం తూకం, సగం కారణం ఈ మరిగే నీళ్లు. అప్పుడు మా అత్తగారు ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. మూడు గ్లాసులూ వాసన చూసి, "పూల సరుకు పొయ్యి మీద పెడితే ఏం మిగులుతుంది బాబూ? పాకం వేరుగా కాచుకోండి, చల్లారాక పోయండి" అన్నారు. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పనికొచ్చిన సలహా అదే. పంచదార కరగడానికి మాత్రమే వేడి, పువ్వుకు గోరువెచ్చన. తీగపాకం దాకా వెళ్లనవసరం లేదు. పంచదార పూర్తిగా కరిగి, ద్రవం తేటపడితే దించేయడమే.

నాలుగో ఘట్టం: సిరప్, దారికి వచ్చింది

చిక్కటిది, బయట నిలవ ఉండేది:

1. నీళ్లు లీటరున్నర, పంచదార రెండున్నర కిలోలు. కలిపి, కరిగేదాకా వేడిచేసి దించాలి.
2. థర్మామీటరు 60 డిగ్రీలు చూపించేదాకా ఆగాలి. పెద్ద గిన్నె కాబట్టి దీనికి గంట పైనే పడుతుంది.
3. దువ్విన పూలు 150 గ్రాములు, రెండు నిమ్మకాయల తొక్క, రసం, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 60 గ్రాములు వేయాలి.
4. పూలు పైకి తేలకుండా ఒక పళ్లెం బోర్లించి అదమాలి. మూతపెట్టి ఒక రోజు ఉంచాలి.
5. ఉతికి, మరిగించి ఆరబెట్టిన పల్చటి నూలు గుడ్డలో వడగట్టాలి. మూట పిండకూడదు, దానంతట అది కారనివ్వాలి. పిండితే సిరప్ మబ్బుగా అవుతుంది.
6. ఓవెన్‌లో వేడిచేసిన సీసాల్లోకి పోసి వెంటనే మూత బిగించాలి.

పంచదార కిలో కరిగితే ఘనపరిమాణం సుమారు 0.62 లీటరు పెరుగుతుంది. కాబట్టి రెండున్నర కిలోలకు మొత్తం 3 లీటర్లు దాటుతుంది. గుడ్డ, పూలు పీల్చుకున్నది పోగా 2.9 లీటర్లు వచ్చింది. సీసాలు సరిపోవేమో అన్న బెంగ ఉన్నవారు ఈ లెక్క ముందే వేసుకోవచ్చు.

నిమ్మ ఉప్పు గురించి: మాదకద్రవ్యాలు వాడేవారు కూడా దాన్ని కొంటారు కాబట్టి ఇక్కడి మందుల దుకాణాలు కొన్ని అడగ్గానే ఇవ్వవు, ఇచ్చినా కొంచెమే ఇస్తాయి. ఇండియన్ కొట్టుకు వెళ్తే గుజరాతీవారి "లింబు నా ఫూల్" పేరుతో 100 గ్రాముల పొట్లం పప్పుల పక్కనే ఉంటుంది. దీన్ని రుచికి మాత్రమే అనుకుని తగ్గించకండి. పంచదారతో పాటు సూక్ష్మజీవులను ఆపేది ఈ పులుపే. తాగేటప్పుడు ఒకటికి ఏడు వంతుల నీళ్లు కలిపితే పులుపు సరిపోతుంది.

ఇది నిలవ ఉంది, పరిమళమూ ఉంది. కానీ తీపి మరీ గట్టిగా ఉందని ఇంట్లో ఫిర్యాదు వచ్చింది. అందుకని ఇంకో గిన్నె: నీళ్లు లీటరున్నర, పంచదార కిలోన్నర, పూలు 150 గ్రాములు, రెండు నిమ్మకాయలు, పొట్లంలో మిగిలిన 40 గ్రాముల నిమ్మ ఉప్పు. ఇది బరువులో సగం పంచదార కాబట్టి అల్మారాలో నిలవదు. సగం సరుకు సీసాల్లో పోసి, నీళ్ల గిన్నెలో నిలబెట్టి, 80 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాను. మిగతా సగం ప్లాస్టిక్ సీసాల్లో పోసి, గడ్డకట్టినప్పుడు ఉబ్బడానికి పైన నాలుగు వేళ్ల జాగా వదిలి ఫ్రీజర్‌లో పెట్టాను. నెల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి తాగితే వేడి చూసినదానిలో మగ్గిన పండు వాసన వచ్చింది, ఫ్రీజర్‌లోది కోసిన రోజు పువ్వులా ఉంది. ఫ్రీజర్‌లో జాగా ఉన్నవారికి ఇదే నా ఓటు. సబ్జా గింజలు నానబెట్టి, చల్లని నీళ్లలో ఈ రెండోది కలిపితే మండు వేసవికి ఇంకేమీ అక్కర్లేదు.

ఇప్పటిదాకా, పరీక్ష గ్లాసులతో కలిపి: పూలు 415 గ్రాములు, పంచదార 5 కిలోలు, ఖర్చు 9.70 పౌండ్లు, నిలవ 5.2 లీటర్ల సిరప్.

అయిదో ఘట్టం: ఈస్టు వేయకుండా పులియబెట్టడం

ఇక్కడి నుంచి మద్యం. బ్రిటన్‌లో సొంతానికి బీరు చేసుకోవడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు, వైనుకూ అక్కర్లేదు. అమ్మడం, బట్టీ పెట్టి సారా దించడం వేరే సంగతులు. తెలుగు రాష్ట్రాల్లో ఇంట్లో మద్యం తయారీకి కూడా లైసెన్సు కావాలి, లేకపోతే ఎక్సైజ్ కేసు. అక్కడివారు సిరప్ దగ్గర ఆగడం మంచిది.

తాటికల్లు ఎలా తనంతట తాను పొంగుతుందో ఎల్డర్ పూల నీళ్లూ అలాగే పొంగాలన్నది పాత పద్ధతి. పువ్వు మీద ఉన్న ఈస్టే పని చేస్తుంది. కల్లుకూ దీనికీ తేడా ఏమిటంటే, కల్లు కుండలో నిన్నటి కల్లు ఈస్టు దండిగా ఉంటుంది, గీత గీయగానే పని మొదలవుతుంది. మన బకెట్టులో పువ్వుకు అంటిన కాసింత తప్ప ఏమీ లేదు.

నీళ్లు 4 లీటర్లు, పంచదార 600 గ్రాములు, పూలు 40 గ్రాములు, రెండు నిమ్మకాయలు, మూత ఉన్న 10 లీటర్ల బకెట్టు. ఇల్లు 17 డిగ్రీల దగ్గర ఉంది. జూన్ అయినా ఇక్కడ అంతే.

మూడు రోజులు చలనం లేదు. పూలు పైకి తేలి, నీళ్లకు పైన ఉన్న భాగం ఎండి, దాని మీద బూడిద రంగు చుక్కలు కనిపించాయి. దగ్గరగా చూస్తే చుక్కకు నూగు ఉంది. బూజు. తీసేసి వాడుకోమని కొందరు చెబుతారు. నేను మొత్తం పారబోశాను.

చలి, పూలు తేలడం, కలపకపోవడం: ఈ మూడూ కలిసి ఈస్టు కంటే ముందు బూజుకు అవకాశం ఇచ్చాయి. ఇదే పద్ధతి పట్టుదలగా చేయాలనుకునేవారు బకెట్టును 22 డిగ్రీలకు తక్కువ కాని చోట పెట్టి, పొద్దున సాయంత్రం కలిపి, పూలను పళ్లెంతో ముంచి ఉంచాలి. నాకు ఆ ఓపిక లేదు. పొట్లం ఈస్టు కొన్నాను.

ఇప్పటిదాకా: పూలు 455 గ్రాములు, పంచదార 5.6 కిలోలు, ఖర్చు 20.10 పౌండ్లు, అందులో బకెట్టు 9. నిలవ సిరప్ మాత్రమే.

ఆరో ఘట్టం: ఈస్టు వేసి, రోజులు లెక్కపెట్టి

కొత్త సామాను: హైడ్రోమీటరు, దాని గొట్టం కలిపి 9 పౌండ్లు, షాంపేన్ ఈస్టు పొట్లం ఒకటిన్నర పౌండ్లు, అందంగా ఉన్నాయని కొన్న రెండు పలకల గాజు సీసాలు, తీగ బిరడాతో, 7 పౌండ్లు.

కొలతలు మునుపటివే. ఈస్టు సగం పొట్లం. మొదట్లో సాంద్రత 1.052 (నీళ్లది 1.000, పంచదార పులిసేకొద్దీ ఈ అంకె దిగుతుంది). రెండో రోజు బకెట్టు మూత దగ్గర చెవి పెడితే చిటపట వినిపించింది. మూడో రోజు కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. పంచదార నీళ్లలో ఈస్టుకు తిండి ఉంది కానీ పోషకం లేదు, నత్రజని చాలకపోతే ఈస్టు ఈ వాసన వదులుతుంది. గట్టిగా కలిపితే కొంత పోయింది.

వంటకం ఆరు రోజుల తర్వాత సీసాల్లోకి మార్చమంది. ఆ రోజు సాంద్రత 1.014. హైడ్రోమీటరు చేతిలో ఉండి కూడా ఆ అంకెను నోటు పుస్తకంలో రాసుకోవడమే తప్ప దాని మాట వినలేదు. రెండు గాజు సీసాలు, మిగతాది సోడా తాగేసిన ప్లాస్టిక్ సీసాలు, అన్నీ వంటింటి కింది అల్మారాలోకి వెళ్లాయి.

వారం తిరక్కముందే ఒక రాత్రి అల్మారాలో ఫట్టుమంది. తలుపు తీస్తే సీసా అడుగు భాగం నాలుగు పలకలతో పెట్టినచోటే నిలబడి ఉంది, మిగతా సీసా లేదు. గాజు పెంకులు పక్కనున్న సోనామసూరి బియ్యం సంచిని చీల్చుకుని లోపలికి దిగాయి. సంచిలో సగం పైన బియ్యం ఉన్నాయి, ఏరడం అసాధ్యం, మొత్తం పోయాయి. పలకల సీసా మూలల దగ్గర పగులుతుంది. ఒత్తిడిని సమానంగా పంచుకోగలిగింది గుండ్రటి సీసా మాత్రమే. అలంకారానికి అమ్మే సీసాల గాజు కూడా పల్చన.

ఇక లెక్క చూడండి. 1.014 నుంచి 0.996 దాకా దిగడానికి ఇంకా 18 అంకెలు ఉన్నాయి (0.001ని ఒక అంకె అనుకుంటే). ఒక్కో అంకెకు లీటరులో దాదాపు 2.4 గ్రాముల పంచదార అనుకుంటే 43 గ్రాములు. 4 గ్రాముల పంచదార పులిస్తే సుమారు 2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే లీటరుకు 21 గ్రాముల పైన. కొట్లో అమ్మే సోడాలో ఉండేది 6 నుంచి 8 గ్రాములు. మూడు సోడాల గాలిని ఒక పలకల సీసాలో దాచినట్టు.

మిగిలిన గాజు సీసాను ఎత్తి తీసుకెళ్లడం కూడా ప్రమాదమే. కళ్లద్దాలు, తోటపని చేతి తొడుగులు వేసుకుని, సీసాకు పాత బొంత చుట్టి, పెరట్లో తీగ వదిలాను. సగం సీసా గులాబీ మొక్క మీద పడింది. ప్లాస్టిక్ సీసాలు రాయిలా గట్టిపడ్డాయి కానీ పగల్లేదు. మూత కొంచెం కొంచెంగా వదులుతూ గాలి తీసేసి, మొత్తం మళ్లీ బకెట్టులో పోశాను. సాంద్రత 0.997 దగ్గర ఆగాక లీటరుకు 8 గ్రాముల పంచదార కలిపి తిరిగి ప్లాస్టిక్ సీసాలకు ఎత్తాను. 2.4 లీటర్లు. తాగగలిగినట్టే ఉంది, కానీ అటూ ఇటూ పోయడంలో గాలి తగిలి పువ్వు వాసన చచ్చిపోయింది.

ఇప్పటిదాకా: పూలు 495 గ్రాములు, పంచదార 6.2 కిలోలు, ఖర్చు 39 పౌండ్లు, బియ్యం 9 కలిపితే 48, నిలవ సిరప్ 5.2, బుడగల పానీయం 2.4 లీటర్లు.

ఏడో ఘట్టం: సాంద్రత చెప్పినట్టు

జూన్ చివరికి కాలవ గట్టు చెట్లకు పచ్చికాయలు కట్టాయి. వంతెన కింద ఎండ తగలని చెట్టు ఒకటి అప్పటికీ పూస్తోంది. దాని పూలు 40 గ్రాములు దొరికాయి.

మార్చినవి నాలుగు. మొదటిది, ఈస్టుకు పోషకం: అర చెంచా రొట్టెల ఈస్టును నీళ్లలో మరిగించి చల్లార్చి పోశాను. చచ్చిన ఈస్టు బతికున్న ఈస్టుకు తిండి అవుతుంది. గుడ్డు వాసన రాలేదు. రెండోది, పూలు వేసే సమయం. మొదటి రోజుల్లో ఉధృతంగా పైకి వచ్చే గాలి పరిమళాన్ని వెంట తీసుకుపోతుంది, వంటిల్లంతా ఘుమఘుమలాడేది అందుకే. ఆ వాసన గదిలోకి కాదు, గ్లాసులోకి రావాలి. మూడోది, సీసాలకు ఎత్తే సమయం. నాలుగోది, గాజు సీసాలకు సెలవు.

1. నీళ్లు 4 లీటర్లు, పంచదార 600 గ్రాములు వేడిచేసి కరిగించి, 25 డిగ్రీలకు చల్లార్చాలి. రెండు నిమ్మకాయల తొక్క, రసం. తొక్క కింది తెల్లని పొర పడకూడదు, చేదు. సాంద్రత 1.052 ఉండాలి.
2. మరిగించిన రొట్టెల ఈస్టు, తర్వాత షాంపేన్ ఈస్టు మిగిలిన సగం పొట్లం. బకెట్టు మూత గట్టిగా బిగించకుండా ఆనించి ఉంచాలి, గాలి పోవాలి.
3. రోజూ సాంద్రత చూడాలి. గొట్టంలోకి తీసిన నమూనాను ముందు రెండు గ్లాసుల మధ్య అటూ ఇటూ పోసి బుడగలు పోగొట్టాలి. బుడగలు హైడ్రోమీటరుకు అంటుకుని పైకి లేపుతాయి, అంకె ఎక్కువ చూపిస్తుంది. వదిలేటప్పుడు ఒకసారి గిర్రున తిప్పాలి. నా పరికరం 20 డిగ్రీలకు సరిచేసినది, నమూనా ఆ వేడికి దగ్గరగా ఉండాలి.
4. 1.015కు దిగినప్పుడు పూలను పల్చటి గుడ్డలో మూటకట్టి ముంచాలి. ఒక రోజున్నర తర్వాత తీసేయాలి.
5. మూడు రోజులు వరుసగా ఒకే అంకె వచ్చేదాకా ముట్టుకోకూడదు. నాది 0.997 దగ్గర ఆగింది.
6. అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా గొట్టంతో తేట మాత్రం దించాలి. నాకు 4.2 లీటర్లు వచ్చింది.
7. లీటరుకు 8 గ్రాముల చొప్పున 34 గ్రాముల పంచదారను కొద్ది నీళ్లలో కాచి, చల్లార్చి కలపాలి. కొత్తగా వచ్చే గాలి 4 గ్రాములు, అప్పటికే కరిగి ఉన్నది ఒకటిన్నర గ్రాము, మొత్తం అయిదున్నర. సోడా కంటే కొంచెం తక్కువ.
8. ప్లాస్టిక్ సోడా సీసాల్లోకి. రోజూ వేలితో నొక్కి చూడాలి. నొక్కుకు లొంగకపోతే తయారైనట్టు. అప్పుడు ఫ్రిజ్‌లోకి.

మద్యం శాతం: 1.052 నుంచి 0.997 తీసేసి 131 పెట్టి గుణిస్తే 7.2. సీసాలో వేసిన పంచదార వల్ల ఇంకో 0.4. బీరు కంటే గట్టిది, రుచిలో ఆ సంగతి తెలియదు. అతిథులకు ముందే చెప్పాలి.

తీపి అసలు లేదు, అదొక్కటే చాలామందికి నచ్చలేదు. అలాగని సీసాలో పంచదార పెంచితే మళ్లీ బియ్యం సంచి కథే. గ్లాసులో పోసేటప్పుడు నాలుగో ఘట్టంలోని సిరప్ ఒక చెంచా కలిపితే తీపీ వస్తుంది, పువ్వు వాసన రెట్టింపవుతుంది. ఇటలీ ఉత్తరాన సౌత్ టైరోల్‌లో పుట్టిన హ్యూగో అనే పానీయం కిటుకు కూడా ఇంచుమించు ఇదే: బుడగల వైనులో ఎల్డర్ సిరప్, పుదీనా ఆకులు.

మొత్తం పద్దు: పూలు 535 గ్రాములు, పంచదార సుమారు 6.85 కిలోలు, ఖర్చు 49.40 పౌండ్లు. చేతికి వచ్చింది సిరప్ 5.2, బుడగల పానీయం 6.6, కలిపి 11.8 లీటర్లు. లీటరుకు 4.19 పౌండ్లు. బకెట్టు, హైడ్రోమీటరు, పలకల సీసాలు, బియ్యం తీసేస్తే లీటరుకు 1.31.

వచ్చే ఏడుకు రాసి పెట్టుకున్నవి: చర్చి వెనక చెట్టు దగ్గరే మొదలుపెట్టాలి. ఒక్కో చెట్టు నుంచి మూడో వంతు గుత్తులకు మించి కోయకూడదు, ఆగస్టు దాటాక ఆ కాయలు పక్షులకు కావాలి. నిమ్మ ఉప్పు మే నెలలోనే కొనాలి, జూన్‌లో కొట్లో అయిపోతుంది. ప్లాస్టిక్ సీసా మూత తీసేది ఎప్పుడైనా సింకులోనే, నోరు అవతలికి తిప్పి.